నలభై దాటని మాస్టారు

పోయిన వారం మాస్టారమ్మను కోర్టు వరండాలో, ఒక కాలు పొట్టిదైన చెక్క బల్ల మీద కూర్చోబెట్టి వదిలేశాం. ఆవిడ ఒళ్ళో చేతిసంచి, మనసులో కొండంత కోపం. మాస్టారు పోయి ఏడాది తిరక్కుండానే ఆయన పేరు మీద నోటీసు వచ్చింది. ఏటిగట్టు రోడ్డు మీద మీ కారు అతివేగంగా పోయింది, జరిమానా కట్టండి, కాదంటే కోర్టుకొచ్చి చెప్పుకోండి అని. "కట్టి పారేస్తే పోలా అమ్మా!" అని కూతురు నెత్తీ నోరూ కొట్టుకుంది. ఆవిడ వింటేగా! కట్టడమంటే ఒప్పుకోవడమే కదా. ఊళ్ళో సగం మందికి స్టీరింగు పట్టుకోవడం నేర్పి, బతికినన్నాళ్ళూ స్పీడు ముల్లును నలభై దాటనివ్వక, 'నలభై మాస్టారు' అని పేరు తెచ్చుకున్న మనిషి. అలాంటి మనిషి చచ్చాక అతివేగంగా పోయాడంటే చూస్తూ ఊరుకోవడానికి ఆవిడ ఒప్పుకోలేదు. వద్దు వద్దంటూనే కూతురు కూడా వెంట వచ్చి బల్ల చివర కూర్చుంది.

బంట్రోతు గుమ్మంలోకి వచ్చి గొంతు సవరించుకున్నాడు. మాస్టారి పేరును ఇంటిపేరుతో సహా పిలిచాడు. ఒకసారి, రెండోసారి, మూడోసారి.

ఇంట్లో ఆయన్ని ఆ పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. మాస్టారమ్మకు 'ఏమండీ', కూతురికి 'నాన్న', ఊరికి 'మాస్టారు'. ఆ నిండు పేరు అంత గట్టిగా విని ఎన్నేళ్ళయిందో! తెలియకుండానే తల తిప్పి మెట్ల వైపు చూసింది. చొక్కా జేబులో పెన్ను సర్దుకుంటూ, 'వస్తున్నానయ్యా, తొందరెందుకు' అంటూ ఆయన ఎక్కి వస్తున్నాడేమో అన్నట్టు.

వరండాలో ఇంకో నలుగురు కూడా తలలెత్తారు. "మన మాస్టారి పేరే! నాకు క్లచ్చు తొక్కడం నేర్పింది ఆయనే," అన్నాడొక పాలవ్యాను డ్రైవరు పక్కవాడితో. ఆ మాట ఈ చివర నుంచి ఆ చివరికి, మెట్ల కింద అర్జీలు రాసేవాళ్ళ బల్లల దాకా పాకింది. మాస్టారమ్మ లేచి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని లోపలికి నడిచింది.

లోపల ఫ్యాను తిరుగుతోంది కానీ గాలి ఎవరికి వస్తోందో దానికే తెలియాలి. మేజిస్ట్రేటు మాస్టారమ్మ అనుకున్నంత పెద్దావిడ కాదు. జలుబు చేసినట్టుంది, ఫ్లాస్కులోంచి వేడినీళ్ళు వంచుకుని తాగుతోంది. ఆమె ముందు కూర్చున్న గుమాస్తా కాగితాల్లోంచి తలెత్తకుండానే అడిగాడు.

"ముద్దాయి ఎక్కడ?"

"పైకి వెళ్ళారండీ," అంది మాస్టారమ్మ.

"పైన రెండో కోర్టు. కిందికి రమ్మనండి."

"ఆ పైకి కాదు బాబూ. రమ్మంటే వచ్చే చోటయితే నేనే పిలుచుకునేదాన్ని."

గుమాస్తా తలెత్తాడు. ఆవిడ నుదురూ ముఖమూ చూసి నాలిక కరుచుకున్నాడు. మేజిస్ట్రేటు గ్లాసు కింద పెట్టి, "క్షమించండమ్మా. మీరు చెప్పాలనుకున్నది నిదానంగా చెప్పండి," అంది.

నిదానంగా అన్న మాట వినగానే మాస్టారమ్మకు సగం కోపం దిగిపోయింది. అది ఆయన మాట. కొత్తగా నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళని మొదటిరోజు బండి కదపనిచ్చేవాడు కాదు. ఇంజను ఆన్ చేసి, ఊరికే కూర్చోబెట్టేవాడు. "బండి నీ మాట వినాలంటే ముందు నువ్వు దాని మాట వినాలి. నిదానంగా విను," అనేవాడు. డబ్బిచ్చి ఇంజను చప్పుడు వినడమేంటని విసుక్కున్నవాళ్ళే, తర్వాత పెళ్ళాం బిడ్డల్ని వెంటబెట్టుకుని వచ్చి దణ్ణం పెట్టి వెళ్ళేవాళ్ళు. మాస్టారమ్మ డ్రైవింగు స్కూలు ముందుగదిలో కూర్చుని ఫోను ఎత్తేది, ఎవరి పాఠం ఎప్పుడో చెప్పేది, ఏడుపుముఖాలతో తిరిగొచ్చిన వాళ్ళకి మంచినీళ్ళిచ్చి ధైర్యం చెప్పేది. సాయంత్రం తలుపులు వేశాక ఆయన కారు తుడిచి, పక్క తలుపు తీసి, "ఏమోయ్, అలా తిరిగొద్దాం రా," అనేవాడు. ఏటిగట్టు వెంట అంత మెల్లగా తీసుకెళ్ళేవాడంటే, దారిపక్క చెట్లు ఒక్కొక్కటీ ఆగి పలకరించి పోతున్నట్టుండేది. సైకిళ్ళవాళ్ళు దాటుకుపోతూ, "మాస్టారూ, నెట్టమంటారా?" అని నవ్వేవాళ్ళు. ఆయనా నవ్వి చెయ్యూపేవాడు.

ఇదంతా కోర్టులో ఎలా చెప్పడం? చెప్పగలిగినంత చెప్పింది. చివర్లో, "ఆ కారు ఆయన పోయిన రోజు నుంచి షెడ్డు దాటలేదమ్మా. దాని మీద దుప్పటి కప్పింది నేనే. తాళంచెవి నా బీరువాలో ఉంది. మీ కెమెరాకే చత్వారం వచ్చిందేమో చూపించుకోండి," అంది.

వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ట్రాఫిక్ ఎస్సై మాత్రం నవ్వలేదు. పాపం, కుర్రవాడు, పొద్దుటి నుంచీ ఆవిడ కళ్ళలోకి చూడటానికే ఇబ్బంది పడుతున్నాడు. అతనికీ నేర్పింది మాస్టారే. "ఫొటో ఉంది మేడమ్," అని గొణిగి, గోడకున్న తెర మీద చూపించాడు.

ముందు కారు నంబరు వచ్చింది. ఆ నీలంరంగు, బంపరు మీద ఆ నొక్కు, స్కూలు మూసేశాక పీకేసిన బోర్డు తాలూకు తెల్లటి మచ్చ. సందేహం లేదు, తమ కారే. తర్వాత కారు ముందు అద్దం పెద్దదిగా చేసి చూపించాడు ఎస్సై.

స్టీరింగు వెనకాల ఒక అమ్మాయి. జుట్టు గాలికి లేచింది. రెండు చేతులూ స్టీరింగు మీద, మాస్టారు నేర్పే పద్ధతిలోనే, పిట్టను పట్టుకున్నంత మెత్తగా ఉన్నాయి. నోరు తెరిచి ఉంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియడం లేదు.

మాస్టారమ్మ మెల్లగా వెనక్కి తిరిగింది. రెండో బెంచీలో కూర్చున్న కూతురు తల దించుకుని తన చేతుల్ని చూసుకుంటోంది. పళ్ళ డాక్టర్లకి కట్టుడుపళ్ళు చేసిచ్చే ల్యాబులో పని ఆ పిల్లది. ఎప్పుడూ గోళ్ళ సందుల్లో తెల్లటి పొడి ఉంటుంది.

"ఎవరో గుర్తుపట్టగలరా అమ్మా?" అడిగింది మేజిస్ట్రేటు.

"నాకు... నాకు కొంచెం దాహంగా ఉందండీ."

మేజిస్ట్రేటు ఆవిడ ముఖం చూసి, ఫొటో చూసి, రెండో బెంచీ వైపు కూడా ఒకసారి చూసింది. "తాగి రండి. ఈలోగా ఇంకో కేసు చూస్తాను," అంది.

వరండా చివర నీళ్ళ డ్రమ్ము దగ్గర తల్లీకూతుళ్ళు ఎదురెదురుగా నిలబడ్డారు. గొలుసుతో కట్టేసిన స్టీలు గ్లాసు మాస్టారమ్మ చేతిలో ఉంది. నీళ్ళు పట్టుకోవడం మరిచిపోయింది.

"నీకు కారు నడపడం రాదు కదే!"

"వచ్చమ్మా."

"స్టీరింగు ముట్టనని ఒట్టు పెట్టుకున్నావు. ఇంట్లో అన్నం మానేసి ఏడ్చావు. నేను మర్చిపోయాననుకున్నావా?"

ఎలా మరిచిపోతుంది? కాలేజీ అయిన ఏడు ఆ పిల్ల లైసెన్సు టెస్టుకి వెళ్ళింది. నలభై మాస్టారి కూతురు కదా, నడిపించి చూడటమెందుకు, చేతిలో పెట్టేస్తారని అందరూ అనుకున్నారు. సాయంత్రం మాస్టారు ఒక్కడే ఇంటికొచ్చి, ఫెయిలైందని చెప్పాడు. కాసేపటికి అసలు సంగతి ఆయన నోటే బయటపడింది. దీనికి దూకుడెక్కువ, ఇప్పుడే వద్దని, టెస్టు పెట్టి లైసెన్సులిచ్చే బ్రేకు ఇనస్పెక్టరుకు తానే చెప్పానన్నాడు. కన్నతండ్రి, సొంత కూతుర్ని! ఆ రోజు మొదలు ఆ పిల్ల బస్సుల్లో వేలాడింది, వానలో నడిచింది కానీ ఆ కారు తలుపు ముట్టుకోలేదు. తండ్రితో మాట్లాడేది, నవ్వేది కూడా. కారు మాట వస్తే మాత్రం లేచి వెళ్ళిపోయేది. ఇద్దరి మధ్యా ఆ నీలం కారు అడ్డంగా ఆగిపోయినట్టు ఉండేది ఇన్నాళ్ళూ.

"నాన్నే నేర్పాడమ్మా మళ్ళీ," అంది కూతురు. "ఆఖరి ఏడాది. ఆదివారం పొద్దున నువ్వు పెద్దమ్మకి ఇల్లు సర్దిపెట్టడానికి వెళ్ళేదానివి కదా. ఒకరోజు నేను బట్టలు ఆరేస్తుంటే నాన్న షెడ్డు దగ్గర నిలబడి, పక్కసీటు తలుపు తీసి, తను ఎక్కి కూర్చున్నాడు. స్టీరింగు వైపు ఖాళీగా వదిలేసి. పిలవలేదు, ఏమీ అనలేదు. ఊరికే కూర్చున్నాడు. బట్టలన్నీ ఆరేశాను, ఇంకా కూర్చునే ఉన్నాడు. చివరికి నేనే వెళ్ళి ఎక్కాను."

"నాకు చెప్పకుండానా?"

"'మీ అమ్మకి చెప్తే సంబరంతో ఊరంతా చెప్పేస్తుంది, నీకు లైసెన్సొచ్చాక చెబుదాం' అన్నాడు. అంతలోనే..." ఆ పిల్ల మాట మింగేసింది. "వచ్చే నెల టెస్టుకి పెట్టుకున్నానమ్మా. పేరు నమోదు చేసుకుని వచ్చాక కారు చూడాలనిపించింది. బీరువాలో తాళం తీశాను. కొంచెం దూరం పోయి వచ్చేద్దామనుకున్నా."

"కొంచెం దూరం పోయేదానివి అంత వేగమెందుకే? ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్నది ఇదేనా?"

కూతురు గ్లాసుకున్న గొలుసును వేలికి చుట్టుకుంది, విప్పింది.

"పక్కసీటు ఖాళీగా ఉందమ్మా. నాన్న ఉంటే ముల్లు కాస్త కదలగానే 'తగ్గించు తల్లీ' అనేవాడు. ఆ మాట వినిపించలేదు. ఇంకొంచెం నొక్కితే వినిపిస్తుందేమో అనుకున్నా. ఇంకొంచెం. ఇంకొంచెం. పిచ్చిదాన్ని. అలా పోతూనే ఉన్నాను."

మాస్టారమ్మ గ్లాసు వదిలేసింది. అది డ్రమ్ముకి తగిలి ఖణేల్‌మంది. కూతురి తల లాగి భుజానికి ఆనించుకుంది. వచ్చేపోయేవాళ్ళు చూస్తున్నా పట్టించుకోలేదు.

కాస్త తేరుకున్నాక, అలవాటుకొద్దీ నిష్ఠూరమాడింది. "మీ నాన్నకేం, తగ్గించడం ఒక్కటే తెలుసు. నాకు కడుపులో పేగు పగిలి ప్రాణం పోతున్నా నలభైలోనే తీసుకెళ్ళాడు ఆసుపత్రికి. నాకు తెలివి లేదు కాబట్టి బతికిపోయాడు, ఉంటే దిగి నడిచి పోయేదాన్ని."

ఈ మాట ఆ ఇంట్లో ఎన్నిసార్లు పలికిందో లెక్కలేదు. చుట్టాలొస్తే చెప్పేది, స్కూలుకి వచ్చినవాళ్ళకి చెప్పేది. అందరూ పడీ పడీ నవ్వేవాళ్ళు. మాస్టారు కూడా నవ్వి, ఆ తర్వాత ఏదో పనున్నట్టు లేచి బయటికి పోయేవాడు. నవ్వుతూ చెప్పినా ఆవిడ గుండెలో ఎక్కడో చిన్న ముల్లు ఉండిపోయింది. నా ప్రాణం కన్నా ఆయనకి ఆ నలభయ్యే ఎక్కువైందని.

కూతురు తలెత్తింది. "నలభై కాదమ్మా."

"ఏంటే?"

"ఆ రోజు నాన్న నలభైలో పోలేదు. నాకు చెప్పాడు. నువ్వు వెనక సీట్లో పలకడం మానేశావట. ముల్లు ఎక్కడుందో కూడా చూడలేదన్నాడు. వంతెన దిగే చోట ఒక ఆవిడ, చంకలో బిడ్డతో రోడ్డు దాటుతోందట. ఆపలేకపోయాడు. బండి పక్కకి తిప్పేశాడు. ఆవిడ చీరకొంగు అద్దానికి తగిలిందట. అంతే దూరం. ఆ బిడ్డ ముఖం కళ్ళల్లోంచి పోలేదన్నాడు. నా దూకుడు చూస్తే ఆ వంతెనే గుర్తొచ్చేదట."

మాస్టారమ్మ మెల్లగా అడిగింది. "మరి... నేనన్ని మాటలంటుంటే నవ్వుతూ ఎందుకు ఊరుకున్నారే?"

"నేనూ అదే అడిగాను. 'తన కోసం ఇంకో తల్లీబిడ్డల ప్రాణం పోబోయిందని తెలిస్తే మీ అమ్మ దాన్ని జన్మంతా మోస్తుంది. దాని బదులు నన్ను తిట్టుకుంటే పోయేదేముంది, నాకు అలవాటే' అన్నాడు."

మాస్టారమ్మ వరండా స్తంభాన్ని పట్టుకుంది. ఎన్నేళ్ళు! ఎంతమంది ముందు! ఆ నవ్వు, ఆ లేచి బయటికి పోవడం. ఇప్పుడు ఆయన ఎదురుగా ఉంటే కాళ్ళ మీద పడేదో, దాచినందుకు నాలుగు దులిపేదో ఆవిడకే తెలియదు. బహుశా రెండూ చేసేది.

ఎస్సై దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఆవిడ వైపు కాక నీళ్ళ డ్రమ్ము వైపు చూస్తూ, తక్కువ గొంతుతో అన్నాడు. "పిన్నిగారూ, ఒక మాట. ఫొటో అంత స్పష్టంగా లేదు. మీరు గుర్తుపట్టలేనంటే కేసు ఇక్కడితో పోతుంది. 'మా అమ్మాయే' అన్నారనుకోండి, లైసెన్సు అడుగుతారు. లేకపోతే వేరే కేసవుతుంది. కారు మా స్టేషనుకి చేరుతుంది. పాపకి ఇక ఇప్పట్లో టెస్టు ఉండదు. మీ ఇష్టం. నేనేమీ చెప్పలేదు, మీరేమీ వినలేదు."

అని తన టోపీ సర్దుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు.

తల్లీకూతుళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "నేనే చెప్పేస్తానమ్మా," అంది కూతురు. "నువ్వు నోరు మూసుకుని నా పక్కన నిలబడు," అంది మాస్టారమ్మ.

మళ్ళీ బోను ఎక్కేసరికి గది నిండిపోయి ఉంది. మాస్టారి కేసట అన్న మాట పాకినట్టుంది, గోడ వారన కూడా నిలబడ్డారు. పాలవ్యాను డ్రైవరు ముందు వరసలోనే ఉన్నాడు.

"చెప్పండమ్మా. గుర్తుపట్టారా?" అంది మేజిస్ట్రేటు.

మాస్టారమ్మ తెర వైపు చూసింది. ఒక్క మాట అబద్ధం చెబితే కారు దక్కుతుంది, పిల్ల దక్కుతుంది, పేరూ దక్కుతుంది. ఆ మాట నాలిక చివరి దాకా వచ్చింది కూడా. కానీ తెర మీద ఆ పిల్ల ముఖం! కన్నపిల్ల ముఖం చూసి ఎవరో తెలియదని ఎలా అంటుంది?

"నా కూతురండీ," అంది. "కారు షెడ్డులోనే ఉందని నేను చెప్పింది తప్పు. తెలియక చెప్పాను. ఇప్పుడు తెలిసింది కాబట్టి దిద్దుకుంటున్నాను. ఇంకో మాట కూడా దిద్దుకోవాలి. మా ఆయన జన్మలో నలభై దాటలేదని చెప్పాను. అదీ తప్పే. ఒక్కసారి దాటారు. నన్ను బతికించుకోవడానికి దాటారు. ఇన్నేళ్ళూ దాటలేదని నేను ఆయన్ని ఎగతాళి చేశాను. ఆయన నవ్వుతూ మాటలు పడ్డారు."

పాలవ్యాను డ్రైవరు కండువాతో ముఖం తుడుచుకున్నాడు. మేజిస్ట్రేటు గ్లాసు ఎత్తి, తాగకుండానే మళ్ళీ కింద పెట్టింది. ఆ తర్వాత, ఇష్టం లేని పని చేసే మనిషిలా, కూతురి వైపు తిరిగింది.

"అమ్మాయ్, బండి నడిపింది నువ్వేనా?"

"నేనే మేడమ్."

"లైసెన్సు ఉందా?"

"లేదు మేడమ్."

ఎస్సై కళ్ళు మూసుకున్నాడు. మేజిస్ట్రేటు నిట్టూర్చి కలం తీసుకుంది.

"ఉందమ్మా."

ఆ గొంతు గుమ్మం దగ్గర నుంచి వచ్చింది. జనం తప్పుకుని దారిచ్చారు. చేతికర్ర ఆనించుకుంటూ, వేళ్ళకి సిరా మరకలతో ఒక ముసలాయన ముందుకొచ్చాడు. కోర్టు మెట్ల కింద అర్జీలు రాసేవాళ్ళలో ఒకడనుకుంది మాస్టారమ్మ. దగ్గరికొచ్చాక ఆ గుబురు కనుబొమలు గుర్తుపట్టింది. రిటైరయ్యాక ఎటు పోయాడో అనుకున్న బ్రేకు ఇనస్పెక్టరు. ఆ టెస్టు జరిగిన రోజు తర్వాత మాస్టారు ఆయన ఊసెత్తలేదు, ఆయనా ఇంటి గడప తొక్కలేదు.

"మీరెవరు? ఏముందంటున్నారు?" అంది మేజిస్ట్రేటు.

"ఆ రోజుల్లో లైసెన్సు టెస్టులు చేసింది నేనేనమ్మా. ఈ అమ్మాయి ఫెయిల్ కాలేదు. మాస్టారు చెయ్యమన్నారు, నేను కుదరదన్నాను. అంత చక్కగా నడిపిన పిల్లని ఎలా ఫెయిల్ చేస్తాను? పాస్ చేశాను, లైసెన్సు ఇచ్చాను. మాస్టారి చేతికే ఇచ్చాను."

కూతురు బోను కమ్మీ పట్టుకుంది. "ఫెయిలయ్యానని చెప్పాడే నాన్న!" అంది. ఆ గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది.

"చెప్పాడు తల్లీ. దూకుడన్నది పైకి చెప్పిన మాట. అసలు కారణం వేరే ఉంది. ఆ సాయంత్రం నా ఇంటికొచ్చి, ఆ కార్డు బల్ల మీద పెట్టి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఎవరికీ చెప్పనని నా చేత మాట తీసుకున్నాడు. ఆయనే పోయాక ఇంకా ఎవరి కోసం దాచను?"

"ఏమిటా కారణం?" అంది మేజిస్ట్రేటు.

ముసలాయన తల్లీకూతుళ్ళని మార్చి మార్చి చూశాడు. "చెప్తానమ్మా. ముందు ఈ అమ్మాయిని కాసేపు బయట కూర్చోమనండి."

"నేను వెళ్ళను," అంది కూతురు.

"వెళ్ళక్కర్లేదు," అంది మాస్టారమ్మ, కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుని. "మా ఇంట్లో దాపరికాలు ఈ రోజుతో చాలు. ఏముంటే అది దాని ముందే చెప్పండి."

బ్రేకు ఇనస్పెక్టరు చేతికర్రను ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. ఆవిడ కళ్ళలోకి చూడలేక నేల చూపులు చూస్తూ అన్నాడు.

"అయితే మీరు బయటికి వెళ్ళండమ్మా."